నాలుగో బెజ్జం

మల్లంగూడ గని, ఆదిలాబాదు జిల్లా
14 జనవరి 1962

అక్కకూ బావకూ నమస్కారాలు.

క్షేమమేనని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. ఈ ఊళ్ళో క్షేమమంటే పొద్దున లేచేసరికి ముక్కునిండా మసి, సాయంత్రం ఉమ్మితే నల్లటి ఉమ్మి. మెస్సులో పప్పు మీద కూడా నల్లటి పొర తేలుతుంది. వంటాయన దాన్ని గరిటెతో పక్కకు నెట్టి, "గది మిర్యం సారూ, తినుండ్రి" అంటాడు. నాలుగు నెలలుగా ఆ మిరియమే తింటున్నాను. అంతకంటే రోత ఇక్కడి ఆఫీసర్ల క్లబ్బు. గనిలో దిగే మనుషులను అక్కడ మనుషులనరు, తలకాయలంటారు. "ఇవాళ ఎన్ని తలకాయలు దిగాయి?" అని పేకముక్కలు పంచుకుంటూ అడుగుతారు. మొదటి వారం నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు సయిస్తోంది. అందుకే నా మీద నాకే కొంచెం అసహ్యంగా ఉంది.

నీతో ఒక పని పడింది. ఈ గని నిజంగా బావిలాగే ఉంటుంది. తొమ్మిది వందల అడుగుల లోతు. మనుషులను దించడానికి కేజు అని ఒక ఇనుప పంజరం ఉంది, అందులో ఒక్కసారికి పన్నెండు మంది ఎక్కుతారు. పైనుంచి వచ్చే ఉక్కుతాడుకు ఈ కేజును నాలుగు గొలుసులు పట్టుకుని ఉంటాయి. మన వాడకట్టు ముత్యం కూడా రోజూ దాంట్లోనే దిగుతాడు. నేను చెప్పి పెట్టించిన కొలువే కదా, కనబడినప్పుడల్లా దండం పెడతాడు.

ఆ గొలుసులను నెలనెలా కొలుస్తారు. కొత్తలో ఉన్న పొడవు కంటే రెండంగుళాలు సాగాయి. ఆ సాగుడు మళ్ళీ వెనక్కి పోదు, ఇనుములో అట్లాగే నిలిచిపోతుంది. అయితే మూడు నెలలుగా వెంట్రుకవాసి కూడా పెరగలేదు. అదీకాక ఆరు నెలలకోసారి ఈ గొలుసులను విప్పి, కొలిమిలో ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లార్చాలని నియమం. దానికి ఒక రోజంతా గని ఆగిపోతుంది. అది నిజంగా అవసరమా అని లెక్క తేల్చమని మేనేజరు నాకు అప్పగించాడు.

మా పుస్తకాల్లో ఉన్న లెక్క చిన్న సాగుడుకే పనికొస్తుంది. లాగి వదిలితే మళ్ళీ మొదటికి వచ్చే సాగుడు అది. మూరెడు తీగ రెండు మూరలైతే ఆ లెక్క చెల్లదు. ఏ పొడవుతో భాగించాలి, పాతదానితోనా, కొత్తదానితోనా? ప్రతి అడుగునా అప్పటి పొడవుతో లెక్కవేసి కూడుకుంటూ పోవాలి. దానికొక సూత్రం రాస్తున్నాను. కుదిరితే సెప్టెంబరులో హైదరాబాదులో ఇంజనీర్ల సభలో చదువుతాను.

ఇనుము సాగాలంటే నెలలు పడుతుంది. వెండి నీ కళ్ళముందే సాగుతుంది. ఒకే సన్నం ఉన్న తీగలు కావాలి. ఒకటి కాల్చిన మెత్తటిది, ఒకటి కమ్మచ్చు పలకలో ఒక బెజ్జంలోంచి లాగినది, ఒకటి రెండు, ఒకటి మూడు, అట్లా నీకు వీలైనన్ని. ఒక్కోదానికి బరువు కట్టి వేలాడదీసి, ఎంత బరువు దగ్గర తీగ సాగడం మొదలుపెడుతుందో రాయి. అంతే చాలు.

నీ తమ్ముడు
రామచంద్రం


కరీంనగర్
9 ఫిబ్రవరి 1962

తమ్మీ,

ఆశీస్సులు. పట్నంలో అన్నేళ్ళు చదివి, చివరికి తీగ ఎట్లా సాగుతుందో వెండిపని చేసే అవుసులింటి ఆడదాన్ని అడిగావు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, నీకు పనికొచ్చింది, సంతోషం. బావ నీ ఉత్తరం విని, "ఇంజినీరుకు కమ్మచ్చు కావాల్నట, రేపు కలెక్టరుకు కుంపటి కావాలంటడు" అని నవ్వాడు. అతనికి ఎడమకంటి చూపు ఇంకా తగ్గింది. వెండితీగతో పూలు అల్లడం వేళ్ళతోనే తడుముకుంటూ చేస్తాడు. తీగ తీసే పని మొత్తం నాదే.

నీ క్లబ్బు సంగతి చదివాక నాకూ ఒకటి చెప్పాలనిపించింది. మొన్న ఒక పెద్ద ఉద్యోగి భార్య పాన్‌దాన్ మెరుగు పెట్టమని తెచ్చింది. బాపు చేసిన పాన్‌దానే, ఆ తీగపని నేను గుర్తుపట్టాను. మూత తీస్తే లోపల ఎండిన ఎంగిలి సున్నం, తమలపాకుల కుళ్ళు, మూలన ఒక చచ్చిన బొద్దింక. బాపు ఆరు నెలలు కళ్ళు పోగొట్టుకుని చేసిన వస్తువు అది. కడిగి ఇచ్చాను. "ఇంత నల్లగ ఎందుకైంది, వెండి మంచిది కాదా?" అని ఆమె నన్నే అడిగింది.

ఇక నీ తీగలు. నాలుగు రోజులు పట్టింది. దూలానికి కట్టి, కింద తూకపు రాళ్ళు వేలాడదీశాను. మెత్తటి తీగ కిలోకే సాగడం మొదలుపెట్టింది. ఒక బెజ్జం లాగినది మూడు కిలోల దాకా ఓర్చింది. రెండు బెజ్జాలది నాలుగుంపావు. మూడు బెజ్జాలది అయిదు. ఒక్కోటి మూడేసి సార్లు చూశాను. నీ ఇంజనీర్లు నమ్మకపోతే వచ్చి చూసుకోమను.

ముత్యం భార్య యాదవ్వ నిన్న వచ్చింది. మొగుడి నుంచి వచ్చిన కార్డు చదివించుకుంది. బీడీలు చుట్టుకుంటూ వింటుంది, చెయ్యి ఆగదు. "మీ తమ్ముని పుణ్యాన రెండు పూటలు తింటున్నం అక్కా" అని చెప్పమంది. చెప్పాను.

అక్క
అనసూర్య


మల్లంగూడ గని
2 ఏప్రిల్ 1962

అక్కా,

నీ నాలుగు అంకెలూ నాకు నాలుగు లక్షల విలువ చేశాయి. కాగితం మీద వాటిని గుర్తులు పెట్టి కలిపితే అందమైన గీత వచ్చింది. అడుగడుక్కీ పైకే పోతుంది. లోహం సాగినకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడినకొద్దీ ఎక్కువ బరువు మోస్తుంది. నా సూత్రం ఆ గీత మీద సరిగ్గా కూర్చుంది. దాన్ని అట్లాగే ముందుకు పొడిగించి, ఇనుముకు తగ్గ విలువలు వేసి, గొలుసుల దాకా తీసుకుపోయాను. ఇప్పుడు గొలుసులు ఎందుకు సాగడం ఆపాయో తెలిసిపోయింది. అవి కొత్తవాటికంటే బలపడ్డాయి, అందుకే.

ఈ లెక్క ప్రకారం కొలిమిలో కాల్చడం శుద్ధ దండగ. కాలిస్తే లోహం మళ్ళీ మెత్తబడుతుంది, అంటే ఇన్ని నెలలు సంపాదించుకున్న బలం పోతుంది. మనింట్లో కాల్చేది వేళ్ళతో పూలు వంచడానికి వీలుగా ఉండాలని కదా. కేజు గొలుసును ఎవరు వంచుతారు? ఇదంతా పదకొండు పుటల నివేదికగా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజరు నన్ను క్లబ్బుకు పిలిచి అందరి ముందు భుజం తట్టాడు. మార్చి నెలలో జరగాల్సిన కాల్చుడు ఆగిపోయింది. పుస్తకంలో మాత్రం కాల్చినట్టే రాయించి, కమ్మరి మొండయ్యతో వేలిముద్ర వేయించారట. అది నాకు నచ్చలేదు, కానీ నియమం పాతది, నియమం మారేదాకా అట్లాగే చేయాలన్నారు.

మొండయ్య ముసలివాడు. నా గదికి వచ్చి, "సారూ, గొలుసు పెరుగుతలేదంటే మంచిది కాదు" అని నసిగాడు. గీత చూపించాను. అతనికేం తెలుస్తుంది. తల గీక్కుంటూ పోయాడు.

నాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ముత్యం బాగున్నాడు. నిన్న కేజులో నా పక్కనే నిలబడ్డాడు.

రామచంద్రం


కరీంనగర్
20 మే 1962

రామచంద్రం,

నీ ఉత్తరం ఆలస్యంగా చదివాను. బావ కంటికి ఆపరేషను చేయించడానికి పట్నం తీసుకుపోయి నెలన్నర తర్వాత ఇల్లు చేరాను. వచ్చి ఉత్తరం విప్పితే చెమటలు పట్టాయి.

నేను మూడు బెజ్జాల దగ్గర ఎందుకు ఆగానో నువ్వు అడగలేదు. నేను రాయలేదు. అవుసులింట్లో పుట్టినవాడికి అది చెప్పాలా అనుకున్నాను. బాపు నిన్ను పదేళ్ళకే హాస్టలుకు పంపాడు, కమ్మచ్చు ముట్టనివ్వలేదు, ఆ సంగతి మరిచాను. మన కమ్మచ్చు మీద ప్రతి మూడు బెజ్జాలకు ఒక చుక్క కొట్టి ఉంటుంది. చుక్క వచ్చిందంటే తీగ కుంపట్లోకి పోవాలి. కాల్చకుండా నాలుగో బెజ్జంలో పెట్టడం మనింట్లో తప్పు. అవ్వ అయితే చేతిమీద కొట్టేది. ఎందుకని నేనూ ఎన్నడూ అడగలేదు, ఎన్నడూ లాగి చూడలేదు. మన తాతల నుంచీ ఎవరూ లాగలేదు. అందుకే నీకు నాలుగో బెజ్జం అంకె రాలేదు. నువ్వేమో ఆ ఖాళీని నీ గీతతో నింపుకున్నావు.

మొన్న లాగాను. బావ పక్కగదిలోంచి చప్పుడు విని, "చుక్క దాటినవా? ఎందుకు దాటినవ్?" అని కసిరాడు. విషయం చెబితే తనే వచ్చి పట్టకారు పట్టాడు. నాలుగు బెజ్జాలు లాగిన తీగ అయిదున్నర కిలోలు మోసింది. అయిదో బెజ్జంది కూడా దాదాపు ఆరు మోసింది. నీ గీత ఇక్కడిదాకా నిజమే చెప్పింది.

నువ్వు అడగనిది ఇంకొకటి ఉంది. సాగడం మొదలయ్యాక తెగేలోపల ఎంత సాగుతుందో నువ్వు అడగలేదు. మెత్తటి తీగ మూరెడుది జానెడుకు కొంచెం తక్కువ సాగి, సన్నబడి, కళ్ళకు కనబడేట్టు నీరసించి, అప్పుడు తెగింది. చూసేవాడికి పక్కకు జరగడానికి కావలసినంత వేళ ఉంది. మూడు బెజ్జాలది వేలెడు సాగి తెగింది. అయిదు బెజ్జాలది అసలు సాగలేదు. మోసింది, మోసింది, ఇంకొక చిన్న రాయి పెట్టగానే టప్పున తెగి రాళ్ళు కిందపడ్డాయి. తీగ కొస నా చెంప చీరింది. మూడుసార్లు కట్టి చూశాను. మూడుసార్లూ అంతే. లోపల సాగే గుణం అంతా అయిపోయింది కనుకనే సాగడం ఆపింది. దాన్ని నువ్వు బలం అన్నావు.

నీ గొలుసులు మూడు నెలలుగా సాగడం లేదని జనవరిలో రాశావు. అప్పటికే అవి చుక్క దాటాయి. ఇప్పుడు మే. ఈ ఉత్తరం అందిన గంటలోనే మేనేజరు దగ్గరికి పో, కేజు ఆపించు, గొలుసులు కొలిమిలో పెట్టించు. పన్నెండు మంది తమ్మీ. జవాబు వెంటనే రాయి.

అనసూర్య


మల్లంగూడ గని
10 జూన్ 1962

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. చెంప గాయం మానిందని తలుస్తాను. బావ కంటి ఆపరేషను అయిపోయినందుకు సంతోషం.

నువ్వు రాసిన విషయం ఆసక్తికరంగానే ఉంది. అయితే వెండి వేరు, ఇనుము వేరు. గొలుసులను మోయాల్సిన బరువుకంటే ఆరు రెట్లు ఎక్కువ గట్టిగా చేస్తారు. కనుక ఆందోళన పడనవసరం లేదు. మేనేజరుతో ఈ విషయం మాటల్లో ప్రస్తావించాను. పరిశీలిస్తామన్నారు. నా వ్యాసం సెప్టెంబరు సభకు తీసుకున్నారు. ఈ దశలో అందులో మార్పులు చేయడం కష్టం.

యాదవ్వకు ఇవేమీ చెప్పవద్దు. ఆడవాళ్ళు అనవసరంగా పరేషాన్ అవుతారు.

ఎండలు తగ్గాయి. నా ఆరోగ్యం బాగుంది. ఈ మధ్య గనిలోకి వాలుదారిన నడిచే దిగుతున్నాను. మైలున్నర ఉంటుంది. ఆ దారి ఆఫీసర్లకు, బొగ్గు డబ్బాలకు మాత్రమే. కాళ్ళకు మంచి కసరత్తు, ఆకలి కూడా బాగా అవుతోంది.

ఇట్లు
రామచంద్రం


కరీంనగర్
2 ఆగస్టు 1962

రామచంద్రానికి,

రెండు కార్డులు రాశాను, జవాబు లేదు. నువ్వు రాయకపోయినా నీ సంగతి నాకు తెలిసింది. ముత్యం ఎవరితోనో రాయించిన కార్డు మొన్న వచ్చింది. యాదవ్వ ఎప్పటిలాగే బీడీల చాట ముందు పెట్టుకుని, "చదువు అక్కా" అని కూర్చుంది. అందులో ఒక మాట ఇట్లా ఉంది. "మన సారు రెండు నెల్ల సంది కేజెక్కుతలేడు. నడిచే వస్తుండు, నడిచే పోతుండు. మేమంత నవ్వుకున్నం, సారు బొర్ర తగ్గించుకుంటుండు అని."

ఆ మాట నేను చదవలేదు. దాటేసి కింది వాక్యం చదివాను. వాడకట్టు ఆడవాళ్ళకు ఉత్తరాలు చదివేటప్పుడు చెడ్డకబురు కొంచెం దాటేయడం నాకు అలవాటే. ఎవరికో జ్వరమనో, అత్త తిట్టిందనో దాటేస్తాను. ఇది మాత్రం నా తమ్ముడి కోసం దాటేశాను. ఆమె నవ్వుతూ లేచి పోయింది. నాకు నోట్లో చేదు పుట్టి, పెరట్లోకి పోయి ఉమ్మి వచ్చాను.

నీకు ఆకలి బాగా అవుతోందా? పదకొండు పుటల్లో గొలుసులు భేషుగ్గా ఉన్నాయని రాసినవాడు, వాటికి తన ఒళ్ళు మాత్రం అప్పగించలేదు. నీ చదువు నమ్మమంటోంది, నీ కాళ్ళు నమ్మలేదు. నువ్వు కాళ్ళ మాట విన్నావు. ముత్యానికి ఆ దారి లేదు. వాడు వాలుదారిన పోతే హాజరు పడదు. క్లబ్బులో తలకాయలని లెక్కపెట్టేవాళ్ళను చూసి నీకు రోత పుట్టిందని రాశావు. వాళ్ళు కనీసం లెక్క పెడుతున్నారు. నువ్వు అదీ మానేశావు.

తెలియక చేసిన తప్పయితే నాదీ సగం ఉంది, మోస్తాను. మే నెల తర్వాతది తప్పు కాదు. నా చేత్తో నీకు అన్నం కలిపి పెట్టాను. ఆ చెయ్యి చూసుకుంటే నాకిప్పుడు ఎట్లాగో ఉంది. నిన్ను అసహ్యించుకోవడం నాకు చాతకాదనుకున్నాను. చాతనవుతోంది.

మా ఇంటి అంకెలు నీ వ్యాసంలోంచి తీసేయి. కేజు ఆగిందని తెలిసేదాకా నాకు ఉత్తరం రాయకు.

అనసూర్య


మల్లంగూడ గని
15 ఆగస్టు 1962

అక్కా,

కేజు ఆగింది. అందుకే రాస్తున్నాను.

ముందు దాచింది చెబుతాను. మే ఇరవై నాలుగున నీ ఉత్తరం అందింది. ఆ సాయంత్రమే మొండయ్య కొలిమికి పోయాను. పోయినేడు మార్చిన పాత గొలుసులో ఒక లంకె అతని దగ్గర ఉంది. అదీ ఇట్లాగే సాగడం ఆపిందట. దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టమన్నాను. మంచి ఇనుమైతే వంగాలి. అది ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది. విరిగిన చోట లోపల పంచదార పలుకుల్లా మెరుస్తోంది. మొండయ్య, "గిది ఇనుమేనా సారూ? కుండపెంక లెక్క ఇరిగింది. కొలిమిల పెడితే మల్ల ఇనుమైతుండె" అన్నాడు. నేను ఆ ముక్కలు చేతిసంచిలో వేసుకుని వచ్చి, క్వార్టరు వెనుక పాతిపెట్టాను. మరునాటి నుంచి నడిచి దిగడం మొదలుపెట్టాను. మేనేజరుతో మాటల్లో ప్రస్తావించానని రాశాను. అబద్ధం. చెప్పలేదు. హైదరాబాదు సభ, క్వార్టరు, భుజం మీద తట్టిన చెయ్యి, ఇవే నా కళ్ళముందు ఉన్నాయి. రోజూ పొద్దున వాలుదారిలో దిగుతూ, పైన కేజు గంట వినబడితే నడక ఆపి, అది కింద ఆనిన చప్పుడు వచ్చేదాకా నిలబడేవాణ్ణి. ఆనగానే నడిచేవాణ్ణి. ఇంతకంటే నీచమైన పని నేను చేయలేదు, వినలేదు.

నీ రెండో తారీఖు ఉత్తరం అందాక మేనేజరు దగ్గరికి పోయాను. నివేదిక తప్పని కాగితం రాసి ఇచ్చాను. ఆయన దాన్ని చదవకుండానే నా పదకొండు పుటలు బయటికి తీసి, "ఈ సంతకం ఎవరిదండీ? ఇది సైన్సు, అది మీ అక్కగారి ఉత్తరం. దసరా సెలవుల్లో చూద్దాం" అన్నాడు. దసరాకు ఇంకా రెండు నెలలుంది. ఆయన టేబులు మీద సగం తిన్న ఆమ్లెట్టు, దాని మీద ఈగలు. నా కాగితం మడిచి ఆ పళ్ళెం కింద పెట్టాడు.

సోమవారం పొద్దున ఆరు గంటల షిఫ్టుకు కేజు గేటు దగ్గర నిలబడ్డాను. పన్నెండు మంది ఎక్కబోతుంటే అడ్డం నిలబడి, ఈ గొలుసులు బాగున్నాయని రాసింది నేనే, అది తప్పు, మార్చిలో వీటిని కాల్చలేదు, పుస్తకంలో రాసింది దొంగరాత అని గట్టిగా చెప్పాను. ఎవరూ కదలలేదు. మొండయ్య గుంపులోంచి ముందుకు వచ్చి, "వేలు నాదే. గాల్చలే" అన్నాడు. ఆ మాటతో షిఫ్టు మొత్తం కింద కూర్చుంది. మధ్యాహ్నానికి గొలుసులు విప్పారు. అందరి ముందూ దాగలి మీద పెట్టి కొట్టారు. మొదటి గొలుసు లంకె వంగింది. రెండోది వంగలేదు, విరిగింది. మూడోదీ అంతే. నాలుగో గొలుసుకు కొట్టకముందే ఒక లంకెలో గోరంత పగులు కనబడింది.

ముత్యం ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "గిది ఎర్కుండే నడిచినవా సారూ?" అని అడిగాడు. అవునన్నాను. వాడు నా కాళ్ళ మీద ఉమ్మాడు. అక్కా, నాకు ఆ ఉమ్మి తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

నన్ను కొలువులోంచి తీసేశారు. గనుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు, నా వాంగ్మూలం రాసుకున్నాడు. మొండయ్య మీద కేసు రాకుండా చూస్తానన్నాడు, చూడాలి. కొత్త గొలుసులు వచ్చేదాకా అందరికీ వాలుదారి తెరిచారు. ఇవాళ క్లబ్బు మీద జెండా ఎగరేసి లడ్డూలు పంచారు. మేనేజరు ఉపన్యాసంలో కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు.

హైదరాబాదు సభకు వ్యాసం వెనక్కి పంపమని రాశాను. సూత్రంలో కూడికలు తప్పు కాదు. ఎంత బరువు మోస్తుందో చెప్పింది, ఇంకా ఎంత ఓర్పు మిగిలిందో చెప్పలేదు. ఆ రెండో లెక్క లేని మొదటి లెక్క మనుషులను చంపుతుంది. నేర్చుకున్నాను, ఆలస్యంగా.

పదిరోజుల్లో ఇక్కడి నుంచి బయలుదేరాలి. ఇంటికి రావచ్చునా? కమ్మచ్చు దగ్గర కూర్చుంటాను. ఒక్క మనవి. ఈ ఉత్తరంలో మేనేజరు దగ్గరికి పోయినప్పటి నుంచి జరిగింది మాత్రం యాదవ్వకు చదివి వినిపించు. కేజు ఆపింది నేనేనని ఆమెకు తెలియాలి. పైన రాసింది ఆమెకు ఎందుకు.

రామచంద్రం


కరీంనగర్
22 ఆగస్టు 1962

తమ్మీ,

కేజు ఆగిందన్న ముక్క బావకు రెండుసార్లు చదివి వినిపించాను. పన్నెండు మందీ బతికి ఉన్నారు, ముత్యం బతికి ఉన్నాడు. దానికి దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత నీ మనవి చదివాను. ఇన్ని జరిగాక కూడా నీకు ఎక్కడి నుంచి చదవాలో చెప్పాలని ఉంది. నీ మీద తగ్గుతున్న రోత మళ్ళీ మొదటికి వచ్చింది.

యాదవ్వకు మొత్తం చదివాను. నమస్కారం దగ్గర నుంచి నీ పేరు దాకా, ఒక్క ముక్క దాటేయలేదు. పాతిపెట్టిన లంకె చదివాను. కేజు గంట విని నువ్వు నిలబడటం చదివాను. జూలై చివర వచ్చిన ముత్యం కార్డులో నేను దాటేసిన మాట కూడా చెప్పాను, నా తప్పు నేనే చెప్పుకున్నాను. ఆమె చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఆగడం నేను చూడలేదు. ఒళ్ళోని ఆకులు జారి కిందపడ్డాయి.

"గా లంకె ఇరిగినంక ఎన్ని దినాలు దిగిండు నా పెనిమిటి?" అని అడిగింది. వేళ్ళమీద లెక్కపెట్టాను. ఆదివారాలు పోను అరవై ఎనిమిది రోజులు.

"దిగుడొకటి, ఎక్కుడొకటి" అంది.

నూట ముప్పై ఆరన్నాను.

చాట పక్కకు జరిపింది. తర్వాత అంది: "నూట ముప్పై ఆరుసార్లు సావుకు తోలిండు. ఒక్కసారి ఆపిండు. గా ఒక్కదానికి నేను దండం పెట్టాల్నా అక్కా?" ఆమె నా ముఖం వైపే చూస్తోంది, నేను కింద పడ్డ ఆకులు ఏరుతూ కూర్చున్నాను. చాట ఎత్తుకుని పోయింది. మర్నాడు ముత్యం కార్డు వస్తే, నా దగ్గరికి తేలేదు. బడి పంతులుతో చదివించుకుందట.

ఇంటికి రావచ్చునా అని అడిగావు. రా. బాపు కట్టిన ఇల్లు, వద్దనడానికి నేనెవరు. బావ నీకోసం పట్టకార్లు సానబెట్టి ఉంచాడు, అతనికి నా అంత కోపం లేదు. అన్నం వండి పెడతాను. నీ ఎదురుగా కూర్చుని తింటానని మాత్రం ఇప్పుడు మాటివ్వలేను.

బస్సు దిగాక నేరుగా మన ఇంటికి రాకు. ముందు యాదవ్వ గడపకు పో. ఆమె లోపలికి రమ్మంటుందో, చీపురు తీస్తుందో నాకు తెలియదు, నేను అడగలేదు. ఏం చేసినా నిలబడు. నేను నీ వెంట రాను.

అనసూర్య